ఖాళీ హ్యాండిల్

పాప కోసం కొన్న లైఫ్ జాకెట్ కవరు విప్పగానే గదంతా కొత్త రబ్బరు వాసన నిండింది. శనివారం పాప మొదటిసారి వాటర్ స్కీయింగ్ నేర్చుకోవడానికి సరస్సులో దిగాలి. పంపాలా వద్దా అని వారం రోజులుగా తేల్చుకోలేకపోతున్నాను. ఆ వాసనకి భారతి ఆంటీ గుర్తొచ్చారు.

కెనడాలోని సస్కటూన్‌లో మా వీధి చివర ఉండేవారు ఆవిడ. విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యారు. పాప పుట్టాక నేను భయాల పుట్టనైపోతే, ఆవిడే నన్ను సరస్సుకి లాక్కెళ్ళారు. అంకుల్ పడవ నడిపేవారు, ఆంటీ వెనక్కి తిరిగి కూర్చుని నన్ను గమనించేవారు. పడవ లాగే తాడు హ్యాండిల్ పట్టుకుని, ఒంటి స్కీ పలక మీద నిలబడి, ముందుగా నీటిపై తేలే రెండు ఎర్ర బంతుల మధ్య నుంచి దూరాలి. అదే గేటు. పడవకి ఎడమగా దూరం జరిగి, అక్కడ నిదానంగా జారుతూ, సరైన క్షణంలో లోపలికి తిరగాలి. నేను ప్రతిసారీ తొందరపడి ముందే తిరిగేదాన్ని.

"గేటు ఎక్కడికీ పోదమ్మా," అనేవారు ఆంటీ. "ఒక్క ఊపిరి ఆగి టర్న్ చెయ్యి."

ఆవిడకో అలవాటుండేది. ఎవరూ నీళ్ళలోకి దిగకముందే, తాడు చివర ఖాళీ హ్యాండిల్‌ని ఈడ్చుకుంటూ పడవని ఒకసారి ఆ దారంతా తిప్పించేవారు. ఎందుకని అడిగితే, "మనకన్నా ముందు ఈ నీళ్ళలో ఉన్నవాళ్ళని వెళ్ళనిద్దాం," అన్నారు. వేళాకోళమనుకున్నాను.

ఒక పొద్దున పొగమంచు పట్టి ఉంది. పాపకి పాలిచ్చే వేళవుతోందని, ఆ ఖాళీ చుట్టు వద్దని నేనే పట్టుబట్టాను. ఆంటీ సరేనని తాడు నా చేతికందించారు. గేటు దగ్గర పడుతుండగా అలవాటుగా తిరగబోయాను. చెవి పక్కనే ఎవరో మెల్లగా "ఆగు" అన్నారు. ఆగాను. నేను తిరగబోయిన చోట, నీటికి వేలెడు లోతున, నల్లటి చెట్టు మాను ఒకటి నా పక్కగా వెళ్ళిపోయింది.

పడవెక్కి, సమయానికి ఆగమన్నారని ఆంటీకి దండం పెట్టాను.

"నేను నోరే విప్పలేదు," అన్నారావిడ. "ఈ ఇంజిన్ మోతలో నా మాట నీకెలా వినపడుతుంది?" నావైపు వంగి అడిగారు. "ఆడగొంతేనా?"

తలూపాను. ఆవిడ తాడు చేతిలోకి తీసుకున్నారు. హ్యాండిల్‌ని నీళ్ళలో వదిలి, అంకుల్‌ని పడవని మళ్ళీ గేటు వైపు పోనిమ్మన్నారు. వదులుగా ఎగిరిపడాల్సిన తాడు గేటు దాకా మనిషి బరువు మోస్తున్నట్టు బిగుసుకునే ఉంది. మంచులో దాని చివర కనపడలేదు. నాచేదో తగులుకుని ఉంటుందని ఇంటికొచ్చాక నాకు నేను చెప్పుకున్నాను.

పోయిన చలికాలం ఆంటీ కన్నుమూశారు. శనివారం పడవ అంకులే నడుపుతారు. ఇందాక ఫోన్ చేసి, పాపని తీసుకొస్తున్నానని, ముందు ఖాళీ హ్యాండిల్ ఒక చుట్టు తిప్పాలని చెప్పాను.

"నువ్వు చెప్పాలా అమ్మా," అన్నారాయన. "ఇప్పుడు అందరికన్నా ముందుంది ఆవిడే కదా."

భయం పోలేదు. ఆగడం మాత్రం వచ్చింది. ఆ తాడు బిగిసేదాకా ఆగి, అప్పుడు పాప చెయ్యి వదులుతాను.