పిచ్చుకలు వదిలిన గింజలు

మా కోడలు వీరదుర్గ మొట్టమొదట గెలిచింది ద్వారకా తిరుమల కాలినడక. మండవల్లిలో మా గుమ్మం నుంచి ఆ కొండకి ఎనభై కిలోమీటర్ల పైమాటే. మొదటి ఏడు కొల్లేరు దాటకముందే కాళ్ళు బొబ్బలెక్కి ఆటోలో తిరిగొచ్చింది. రెండో ఏడు ఏలూరులో జ్వరం పట్టుకుంది. మూడో ఏడు నాలుగు రోజులు నడిచి కొండెక్కి కొబ్బరికాయ కొట్టింది!

ఇక ఆగిందా? ఏడో తరగతి చదివిన పిల్ల రామకోటి పుస్తకాలు పదకొండు నింపింది. విష్ణు సహస్రనామం చూడకుండా చదువుతుంది. కార్తీకం ముప్పై రోజులూ కాలవలో చన్నీళ్ళ స్నానం. చేపల చెరువుకి మేత వేసొచ్చి మరీ ఇవన్నీ చేసింది. "ఎంత కష్టపడితే అంత ఫలం మావయ్యగారూ" అనేది. నేనూ ఊరంతా అదే చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి.

ఈ ఏడు భద్రాద్రి రాముడి కల్యాణానికి గోటి తలంబ్రాలు తలపెట్టింది. వడ్లని మరపట్టకూడదు, దంచకూడదు. ఒక్కో గింజనీ గోటితో ఒలవాలి, లోపలి బియ్యం విరగకూడదు. పదిమంది చేరి చేసే పని అది. మావాళ్ళు పదిమందిని పిలుద్దామంటే ఒప్పుకోలేదు. ఒక్కదాన్నే కిలో ఒలుస్తానని తాడేపల్లిగూడెం భక్తబృందం పెద్ద జగ్గారావుగారికి మాటిచ్చేసింది.

తప్పు వడ్లు ఎండబెట్టడంలో జరిగింది. తేమ ఉంటే కొనే మిల్లువాళ్ళు వంక పెడతారని మేం వడ్లని రోడ్డు మీద బరకాలేసి ఎండబెడతాం. దేవుడివి కదాని ఇంకా శ్రద్ధగా, మరో నాలుగెండలు ఎక్కువే పెట్టింది. నెల రోజులు ఒలిచింది. ఎండకి పెళుసెక్కిన గింజ, గోరు తగిలితే చాలు, రెండు ముక్కలు! మంచి గింజలు చారెడు కూడా తేలలేదు.

మా ఆవిడ వెంకటనరసమ్మ ఊరుకుంటుందా? "ఏమ్మా దుర్గా, రాములవారినీ మిల్లువాడే అనుకున్నావా? చేటెడు నూక చేశావు. ఉప్మా చేసిపెట్టు, మేమైనా తింటాం."

అంతలో జగ్గారావుగారి ఫోను. "పది రోజుల్లో వస్తానండి. విరిగిన గింజ ఒక్కటి కనపడినా మూట తీసుకోనండి, ఏమనుకోకండి."

దుర్గ అరుగు మీద కూలబడింది. "ఇంకేం చెయ్యాలి మావయ్యగారూ? నా కష్టంలో లోటెక్కడుంది?" అంది.

చూరుకి, ఎండ తగలని నీడపట్టున, పిచ్చుకల కోసం కోతల్లో కట్టిన వరికంకుల కుచ్చులున్నాయి. పిచ్చుక ఒకటి వాలి లాగేసరికి నాలుగు గింజలు దుర్గ ఒళ్ళో రాలాయి. ఏడుస్తూనే, ఊరికే, ఒకటి గోటితో నొక్కింది. పొట్టు ఊడింది. బియ్యం విరక్కుండా వచ్చింది, ముత్యంలాగ! రెండోదీ అంతే. మూడోదీ అంతే!

"అత్తయ్యా! ఇటు రండి, చూడండి!" అని కేకేసింది. అంతలోనే మొహం చిన్నబుచ్చుకుంది. "పిచ్చుకల ఎంగిలి కదండీ..."

"ఓసి పిచ్చిదానా," అంది మా ఆవిడ, "ఎంగిలి పళ్ళు తిన్నవాడికి పిచ్చుకల ఎంగిలి అడ్డమా? దింపు ఆ కుచ్చులు. రెండు వాటికుంచి."

ఆ పది రోజులూ అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒలిచారు. కిలో కాలేదు, దోసెడయ్యాయి. జగ్గారావుగారు తెల్లగుడ్డ పరిచి, కళ్ళజోడు పెట్టుకుని గింజ గింజా వెతికారు. ఆయన లేచి గుడ్డ మూటకట్టి కళ్ళకద్దుకున్నారు!

"ఎంత కష్టపడ్డావమ్మా!" అన్నారు.

"నేను చేసిందేం లేదండీ. ఆయనే పంపించుకున్నాడు" అంది మా దుర్గ. ఆ పిల్ల నోట ఆ మాట వినడం నాకదే మొదలు. కాలినడక కన్నా, రామకోటి కన్నా దాన్నే పైన రాస్తున్నాను. తను ఒప్పుకోకపోతే పోనీ!

నిన్న బృందంతో భద్రాచలం బస్సెక్కింది. ఆదివారం కల్యాణం, సోమవారం పట్టాభిషేకం. మంగళవారం, ఏప్రిల్ ఎనిమిదో తేదీ సాయంత్రానికి ఇంటికొస్తుంది.