బాతుల తాడు

ఇప్పుడు మా చెరువు దగ్గరికి పోతే గేటు దగ్గర ఆపి టికెట్టు తీసుకోమంటారు. పక్షుల రక్షిత ప్రాంతమట. గట్టు మీద పెద్ద బోర్డు, దూరం నుంచి చూడ్డానికి ఒక ఎత్తైన కట్టడం, ఖాకీ చొక్కాల మనుషులు. తూము పక్కన అంకెలు వేసిన ఇనప పలక ఒకటి నిలబెట్టారు. నీళ్ళు ఎంతవరకు దిగొచ్చో అది చెబుతుంది. పోయినసారి నేను ఆ పలకను చూసి నవ్వుకుంటుంటే ఖాకీ చొక్కా అబ్బాయి "ఏందవ్వా, నవ్వుతాండావు?" అన్నాడు. ఏం చెప్పను? ఒకప్పుడు ఆ పలక చేసే పని ఒక తాటినార తాడు చేసేదనీ, దాన్ని నేను దొంగతనంగా కిందికి దించాననీ చెబితే, చేతిలో టికెట్టు లాక్కుని బయటికి పంపించేవాడేమో.

చిట్టమూరు అవతల, పులికాట్ సరస్సుకు కాస్త ఇవతల మా ఊరు. అరవైల మొదట్లో మాట ఇది, నాకప్పుడు పదేళ్ళు. మాది సేద్యపు చెరువు. దాని కింద ఊరంతా వరి పండించేది. చెరువు నడుమ నీళ్ళలోనే పెరిగే కడప చెట్లు గుంపుగా ఉండేవి. ఆశ్వయుజంలో మబ్బులు కమ్ముకోగానే ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు వచ్చి ఆ చెట్ల మీద దిగేవి. నీళ్ళు తోడే గూడలాంటి సంచి వాటి ముక్కు కింద వేలాడుతుంటుంది, అందుకే ఆ పేరు. పులికాట్‌లో చేపలు పట్టి, సంచి నింపుకుని వచ్చి పిల్లలకు పెట్టేవి. ఆ పిల్లల అరుపులు వింటే ఊళ్ళో ముసలాళ్ళందరికీ ఒకేసారి నడుము పట్టుకుందేమో అనిపించేది.

బాతుల రెట్టలు నీళ్ళలో కలిసి, ఆ నీళ్ళే మళ్ళలోకి పారేవి. వేరే ఎరువు కోసం మా ఊరు పెద్దగా వెతుక్కునేది కాదు. కాబట్టి బాతులంటే ఊరికి ప్రేమా ఉంది, అవసరమూ ఉంది. దీపావళికి గట్టు పక్కన టపాకాయ కాల్చకూడదు. పెళ్ళి ఊరేగింపు గట్టెక్కిందంటే మేళం ఆపెయ్యాలి. ఎంత గొప్పింటి పెళ్ళికొడుకైనా గట్టు దిగేదాకా పరామర్శకు పోతున్నవాడిలా నోరు మూసుకుని పోవాల్సిందే.

మా నాయన ఆ చెరువుకు నీరుకట్టు. తూము తీసేదీ మూసేదీ ఆయనే, ఏ మడికి ఎప్పుడు ఎంత నీరో చూసేదీ ఆయనే. ఆ పనికి ఊరు మాకు ఇచ్చిన మాన్యం ఒక ఎకరం. అదీ కాలువ చిట్టచివర. అక్కడ పెట్టిన పాతకాలపు పెద్దలు మహా గట్టివాళ్ళు. నీరుకట్టు తన మడి తడుపుకోవాలంటే ముందు ఊరందరి మళ్ళూ తడిపి తీరాలి కదా. మా అమ్మకు మాత్రం ఆ పెద్దల పేరెత్తితే ఒళ్ళు మండేది. మాకు ఏడాది పొడుగునా తిండిగింజలు ఆ ఎకరంలోంచే రావాలి.

బాతులు దిగిన రోజున నాయన కొత్త తాటినార పేని, దానికి పసుపు గుడ్డ ముక్క ఒకటి చేర్చి, తూము దగ్గరి రాతిస్తంభానికి ఒక చోట చుట్టి కట్టేవాడు. అదే బాతుల తాడు. అప్పటికి చెరువులో నీళ్ళు తక్కువ. వానలకు చెరువు నిండి తాడు మునిగిపోయేది. పైరుకు నీళ్ళు వదిలేకొద్దీ, మాఘమాసానికి అటూ ఇటూగా మళ్ళీ తేలేది. తాడు తేలిందంటే ఇంక తూము మూసెయ్యాలి. ఆ కింది నీళ్ళు బాతులవి. అవి కూడా తోడేస్తే చెట్ల కింద బురద తేలుతుంది, నక్కలూ కుక్కలూ నడుచుకుంటూ వస్తాయి, గూట్లోంచి జారిన పిల్ల వాటి నోట్లో పడుతుంది. ఒక ఏడు అలా జరిగితే మరుసటి ఏడు బాతులు ఈ వైపు రావు. పిల్లలన్నీ ఎగిరిపోయాకే తాడు విప్పడం. మామూలు సంవత్సరాల్లో తాడు తేలేనాటికి మా మడితో సహా అన్నీ తడిసిపోయి ఉండేవి. దాంతో ఎవరికీ పేచీ ఉండేది కాదు.

ఆ ఏడు కార్తీకంలో రెండు వానలు పడి మొహం చాటేశాయి. చెరువు సగం కూడా నిండలేదు. పైరు పొట్ట మీదికి వచ్చేసరికి అందరి మళ్ళకూ ఒక్కొక్క తడి కావాల్సి వచ్చింది. నాయన వంతులు వేసి, ఒక్కో మడే తడుపుకుంటూ వస్తున్నాడు. మా మడికి పైన ఇంకొక్క మడి మిగిలింది. అది ఊరి పెద్దాయనది. అదయ్యాక మాది. కానీ నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి నాయన ఇంటికొచ్చి చెప్పాడు, "తాడు మీద నాలుగు వేళ్ళ మందం నీళ్ళే ఉండాయి. పెద్దాయన మడి తడిసేసరికి తాడు తేల్తది."

"మరి మన మడో?" అంది అమ్మ.

నాయన కాళ్ళు కడుక్కోవడానికి లేచాడు. జవాబు లేనప్పుడు ఆయన కాళ్ళు కడుక్కునేవాడు. ఆ నెలలో మా నాయన కాళ్ళంత శుభ్రమైనవి జిల్లాలో ఉండివుండవు.

అమ్మ ఊరుకునే మనిషి కాదు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పరవాలేదంటారు. ఈడ మనోడే వడ్డిస్తాండాడు, మనం కడబంతిలోనే కూర్చున్నాం, మన ఆకులో మెతుకు పడలా," అంది. నాయన నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఏం కావాలన్నా నన్ను మధ్యలో పెట్టి మాట్లాడుకునేవాళ్ళు. చెరువు మీద అలిగినవాడి సామెత ఒకటుంది, పూర్తిగా చెప్పడానికి మొహమాటం. మా అమ్మ చెరువు మీదా అలిగింది, చెరువు కాసేవాడి మీదా అలిగింది.

పొయ్యి దగ్గర కూర్చుని తనలో తనే అనుకునేది, "ఆ తాడు జానెడు దిగితే మన మడి తడిసిపోను. జానెడే." ఒకసారి కాదు, వందసార్లు విన్నాను ఆ మాట. అమ్మ కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను. అమ్మ ఏడుపంటే నాకు భరించరానంత బాధ. నాకు చిన్నప్పటి నుంచీ నోరు తక్కువ, చెయ్యి ఎక్కువ. జానెడంటే ఎంత? నా చెయ్యే జానెడుకు కాస్త తక్కువ. అంతదానికి ఇంత గొడవ ఎందుకో నాకు అర్థం కాలేదు.

నాలుగు రోజులు అలా గడిచాక, ఒక మధ్యాహ్నం నాయన అన్నం తిని నడుము వాల్చినప్పుడు చెరువులో దిగాను. స్తంభం దగ్గర నీళ్ళు నా ఛాతీ దాకా వచ్చాయి. చేత్తో తడుముతూ తాడు పట్టుకున్నాను. నాయన వేసిన ముడి విప్పడానికి నేను పళ్ళు కూడా వాడాల్సి వచ్చింది, ముక్కులోకి నీళ్ళు పోయాయి. తాడును జానెడు కిందికి దించి, ఊపిరి బిగబట్టి నీళ్ళలో మునిగి ముడి వేశాను. నాకు వచ్చిన ముడి ఒక్కటే. జడ కొసకు రిబ్బను కట్టడానికి అమ్మ నేర్పిన రెండు చెవుల ముడి. పైకి లేచి చూస్తే నీళ్ళు మామూలుగానే ఉన్నాయి, చెట్ల మీద బాతులు నా వైపు కూడా చూడలేదు. ఘనకార్యం చేశానని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. తడి పావడాతో ఎండలో నిలబడి ఆరబెట్టుకుని ఇంటికొచ్చాను.

ఇంకో రెండు రోజులకు పెద్దాయన మడి తడిసింది. పొద్దున్నే ఆయన ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని తూము దగ్గరికి వచ్చాడు. ఆయన మంచివాడు. ఊరందరి పైరూ తడిసి మాది ఎండిపోతుందని ఆయనకూ మనసులో పీకుతోంది. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. ఆయన నీళ్ళలోకి తొంగి చూసి గట్టిగా అన్నాడు, "అబ్బయ్యా, తాడు ఇంకా తేల్లేదే! నీ అదృష్టం. మూయబాక, నీ మడికి వదులుకో."

నాయన చెట్ల వైపు చూశాడు. ముప్పై ఏళ్ళుగా ఆ చెట్ల మొదళ్ళను చూస్తున్నవాడికి తాడు చూడకపోయినా లెక్క తెలుస్తుంది. పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. వంగి స్తంభం చుట్టూ తడిమాడు. చెయ్యి ఒక చోట ఆగింది. చాలాసేపు ఆగింది. ముడిని వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత తలెత్తి తిన్నగా నా వైపు చూశాడు.

ఆయన ఒక్క మాట అనకుండా ఉంటే చాలు, మా మడి తడిసేది. తప్పు పట్టేవాళ్ళెవరూ అక్కడ లేరు. పెద్దాయనే వదులుకోమంటున్నాడు.

"తాడు జారిందన్నా," అన్నాడు నాయన. "నేను సరిగ్గా కట్టినట్టు లేను."

"నువ్వు కట్టిన తాడా? జారిందా?" అన్నాడు పెద్దాయన, నమ్మలేనట్టు.

"నా తప్పే. దాని చోటు ఇదిగో ఈడ." ఏళ్ళ తరబడి నార ఒరుసుకుని రాతి మీద సన్నటి గాడి పడి ఉంది. తాడు విప్పి ఆ గాడిలో కట్టాడు. అది నీటికి బెత్తెడు పైన, పసుపు గుడ్డతో సహా అందరికీ కనబడుతూ నిలిచింది. తూము కొయ్య దించేశాడు. కాలువలో నీటి చప్పుడు సన్నగిల్లి, ఆగిపోయింది.

పెద్దాయన వెంట వచ్చినవాళ్ళు ఊళ్ళోకి పోయి చెప్పారు. నీరుకట్టు కట్టిన ముడి జారడమంటే మా ఊళ్ళో చిన్న మాట కాదు, మంగలి కత్తి జారడంలాంటిది. "తాడు జారినాయన" అని కుర్రకారు ఆయన వెనక నవ్వేవాళ్ళు. ఆయన విననట్టే పోయేవాడు.

ఆ సాయంత్రం నాయన నన్ను పిలిచి తన ముందు కూర్చోబెట్టుకున్నాడు. కొడతాడేమోనని కళ్ళు మూసుకున్నాను. ఆయన నా జడ ముందుకు తీసుకుని రిబ్బను విప్పాడు. మళ్ళీ కట్టాడు. మోటు వేళ్ళు, రెండు చెవులూ సమంగా రాలేదు. విప్పి మళ్ళీ కట్టాడు.

"ఈ ముడి ఎవురు నేర్పించినారమ్మణ్ణీ నీకు?"

"అమ్మ," అన్నాను.

పొయ్యి దగ్గర అమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆమె నాయన ముఖం చూసింది, నా జడ చూసింది, ఊళ్ళో అనుకుంటున్న మాట గుర్తు చేసుకుంది. అన్నీ కలుపుకోవడానికి ఆమెకు ఎంతో సేపు పట్టలేదు. వచ్చి నన్ను ఒళ్ళోకి లాక్కుంది. "దాన్నేం అనబాకయ్యా. తప్పు బిడ్డది కాదు, నా నోటిది," అంది. వారం రోజుల తర్వాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది.

"నేనేమన్నాను?" అన్నాడు నాయన. నిజమే, ఆయన ఏమీ అనలేదు. ఒక్క దెబ్బ కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

మర్నాడు తెల్లారగానే అమ్మ అటక మీది గూడ దించింది. మా మడి పక్కన కాలువలో ఒక ఊటగుంట ఉంది. గూడకు అటు రెండు తాళ్ళు, ఇటు రెండు తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకే ఊపున ముంచి ఒకే ఊపున ఎత్తాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా అయితే నీళ్ళు మళ్ళీ గుంటలోనే. మొదట్లో వాళ్ళిద్దరికీ కుదరలేదు. అమ్మ కోపం ఇంకా చేతుల్లో ఉంది, గట్టిగా లాగేసేది. నాయన మీద నీళ్ళు పడేవి. "చెరువు నీళ్ళు పొయ్యలేదని గుంట నీళ్ళు నా మీద పోస్తాండావా?" అన్నాడు. అమ్మ నవ్వకూడదనుకుని నవ్వింది. ఆ తర్వాత కుదిరింది. గుంట ఎండేదాకా తోడడం, ఊరేదాకా కూర్చోవడం, మళ్ళీ తోడడం. పది రోజులు అలా తోడారు. అమ్మ అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. నేను వాటికి ఆముదం రాసేదాన్ని. అప్పుడు నాకు వచ్చే ఏడుపు ఆపుకోవడం చాలా కష్టమయ్యేది.

సగం మడి దక్కింది. సగం తాలు పోయింది. బాతు పిల్లలు మాత్రం ఆ ఏడు ఒక్కటి తగ్గకుండా ఎగిరినట్టే అనిపించింది నాకు. ఫాల్గుణంలో అవి గుంపుగా మా ఇంటి మీదుగా పోతుంటే అమ్మ చేటలో నూకలు చెరుగుతూ తలెత్తి, "పోండి తల్లీ, మా బియ్యం తిని బాగా బలిసినారు," అంది. ఆ మాటలో కోపం లేదు. వేసవంతా రాగిసంగటే తిన్నాం.

మళ్ళీ ఆశ్వయుజం వచ్చింది, బాతులు దిగాయి. నాయన నార పేని, పసుపు గుడ్డ చేర్చి, నన్ను వెంట తీసుకుపోయాడు. స్తంభం దగ్గర తాడు నా చేతికిచ్చాడు. "నువ్వు కట్టు. నీ జడ ముడే వెయ్యి."

"వద్దు నాయినా," అన్నాను. నా చేతులు నాకే పనికిరానివిగా కనిపిస్తున్నాయి అప్పటికి.

"కట్టు," అన్నాడు. గాడి ఎక్కడో వేలితో చూపించాడు. కట్టాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. నాలుగు నెలలు తాడు నీళ్ళ కింద ఉంది. ఆ నాలుగు నెలలూ నేను సరిగ్గా నిద్రపోలేదు. మాఘంలో మా మడి కూడా తడిశాక, ఒక పొద్దున తాడు తేలింది. గాడిలోనే ఉంది, రెండు చెవులూ అలాగే ఉన్నాయి, పసుపు మాత్రం వెలిసిపోయింది. తూము మూసే రోజని పెద్దాయనా, పోయినేడు నవ్వినవాళ్ళూ గట్టు మీద ఉన్నారు. నాయన నీళ్ళలో నిలబడి ఊరంతా వినేంత గొంతుతో అన్నాడు, "చూడన్నా, ఈ ఏడు జారలా. నేను కట్టింది పోయినేడు జారిపోయింది. ఈసారి నా బిడ్డ కట్టింది."