చిట్టి నేర్చుకొచ్చిన సగం పాట

చిట్టీ,

నిన్న పొద్దున ఫోన్ మోగితే నువ్వే అనుకున్నాను. రోజూ ఆ టైమ్‌కి చేసేది నువ్వే కదా.

"అత్తమ్మా, చిట్టి పోయింది" అన్నాడు అల్లుడు.

నాకే తొంభై దగ్గర పడ్డాయి. కన్నతల్లి కంటే ముందు నువ్వు పోవడమేంది బిడ్డా.

మంథని నుంచి ఆదిలాబాద్‌లో మీ ఇంటి దాకా కారులో ఒకటే సంగతి మనసులో తిరిగింది. మన చుట్టాల వాట్సాప్ గ్రూప్‌లో పాటలు తెలిసిన పిల్లలున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నిజాం రాజ్యం పోయి పన్నెండేళ్లయినా ఊళ్లోకి కరెంటు ఇంకా రాలేదు. ఒక ఎండాకాలం చర్చి మిషన్ వాళ్లు ఊరవతల మామిడితోటలో పాటల బడి పెట్టారు. పిల్లలు నెల రోజులు అక్కడే తిని, అక్కడే పడుకోవాలి.

పాటకు నెలెందుకు? పొద్దంతా ఏం చేయిస్తారు? నాకు ఒకటే ఆత్రం. మీ బాపును బతిమాలి నిన్ను పంపాను.

నువ్వు తిరిగొచ్చిన రోజు వాడకట్టంతా మన వాకిట్లోనే.

పాడావు. చర్చిలో అందరికీ వచ్చిన పాటే. మాటలు సరిగ్గానే ఉన్నాయి. రాగమే ఎటో పోయింది. కింద కిందనే, ఒక్క దగ్గరే తిరుగుతోంది.

పక్కింటి రాజవ్వ ఊరుకుంటుందా. "నెల దినాలు మిషనోళ్ల బువ్వ తిని, వచ్చిన పాట గూడ మర్సొచ్చింది పిల్ల."

మీ బాపు ముఖం మాడింది. "వచ్చే యేడు పంపేది లేదు. పనికి రానీ."

నువ్వు ఏడవలేదు. "మా సారు మమ్ముల రెండు జట్లు జేసిండు. నాది కింది పాట. అవ్వా, నువ్వు జర నీ తీరుగ పాడు."

పాడాను. నా పాట కిందికి నీ పాట వచ్చి చేరింది. రెండు పేటలు కలిపి తాడు పేనినట్టు.

బియ్యం చెరుగుతున్న రాజవ్వ చేతిలో చాట ఆగింది.

మీ బాపు దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "మల్లొక్కసారి పాడుండ్రి" అన్నాడు. మరుసటి ఏడు తనే బండి కట్టి నిన్ను దింపి వచ్చాడు.

"నా పాట చెవుల వడుతుంటె నీది ఎట్ల తప్పదే?" అని అడిగాను.

"నీది ఇనుకుంటనే పాడుతనవ్వా. ఇనకుంటెనే తప్పుత."

అదెట్లా? ఎన్నిసార్లు నీ పాట పాడబోయినా నేను నా రాగంలోకే జారిపోయేదాన్ని. నువ్వు నవ్వేదానివి.

నిన్న సాయంత్రం సమాధి దగ్గర అదే పాట. అందరిదీ పై పాటే. కింద ఎవరూ లేరు.

నేను ఆగి, వాళ్ల పాట విన్నాను. వింటూనే నీ పాట ఎత్తుకున్నాను.

ఒక్క లైను నిలిచింది. తర్వాత జారిపోయింది.

ఆ లైను ఎట్లా నిలిచిందో తెలిసిన వాళ్లు చెప్పండి. నేర్చుకుంటాను.

పోయిరా బిడ్డా. దేవుని దగ్గర నీకు నెమ్మది దొరకాలి.

ఇది చదివే వాళ్లలో నిన్నటి నుంచి బాధతో తిండి ముట్టని వాళ్లుంటే, లేచి కడుపునిండా తినండి.