గోడ మీద మా గుంట

"మీరు మొదటి నుంచీ నన్ను నమ్మలేదు గదా పెద్దమ్మా," అన్నది ఆ పిల్ల.

"నమ్మేదానికి నువ్వెవరో నాకు తెలిస్తే గదా పాపా," అన్నాను.

మా మధ్య అవే ఆఖరి మాటలు. తడి తీగ చుట్టుకొని, తెల్ల పెట్టెను సంచిలో వేసుకొని, స్కూటర్ ఎక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

నాది రొయ్యల గుంట. సముద్రం దగ్గర, ఉప్పుకాలువ పక్కన ఉంటుంది. మా ఆయన లీజుకు తీసుకున్నాడు. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. ఒక్క పంట దెబ్బతిన్నా గుంట ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని నా మొహం మీదే చెప్పాడు. మా వైపు గుంట ఎట్లా ఉందని ఎవరడిగినా ఒకటే జవాబు, "ఏదో ఉండాది." రొయ్య బాగున్నా అదే, చస్తున్నా అదే. బాగుందంటే కన్ను పడుతుంది. బాగా లేదంటే కొనేవాడు వచ్చి గట్టు మీద కూర్చుంటాడు. చచ్చే రొయ్యను వాడు ఎంతంటే అంతకు ఇవ్వాల్సిందే గదా.

పోటీకి నా పేరు ఇచ్చింది మా అన్న కూతురు. ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే. నెల్లూరులో ఒక కాలేజీలో పెడతారట. చిన్న వ్యాపారం చేసే ఒక్కొక్కరినీ ఒక సాఫ్ట్‌వేర్ మనిషితో జత కలుపుతారట. మన కష్టం మనం చెప్పాలి, దానికి ఉపాయం వాళ్ళు తయారుచెయ్యాలి, చివర్న స్టేజీ మీద చూపించాలి. భోజనాలు ఎవరు పెడతారని అడిగాను. రొయ్యలు కొనే కంపెనీ ఒకటి పెడుతుందన్నది. ఊరికే అన్నం పెట్టేవాడి విస్తరి ఎత్తి కింద చూడమనేవాడు మా ఆయన. నేను రానన్నాను.

"కరెంటు పోయి ఏరేటర్లు ఆగిపోతే నిద్రలో నీకెట్ట తెలుస్తాది అత్తా?" అన్నది. నీళ్ళు చిలికే ఆ ఏరేటర్లు ఆగితే రొయ్యకు ఊపిరి ఉండదు. అందుకని వెళ్ళాను.

నాకు జత పడిన పిల్లది సంగం ఊరు. వరి పండించే ఇల్లు. ఇంట్లో కూర్చొనే కంపెనీ ఉద్యోగం చేస్తుందట. మొదటిసారి వచ్చినప్పుడు, నేను చెప్పకముందే గేటు దగ్గర చెప్పులు విడిచి మందునీళ్ళలో కాళ్ళు ముంచింది. బయటి జబ్బు గుంటలోకి రాకుండా మేమంతా చేసేదే. వరి ఇంటి పిల్లకు అది ఎవరు నేర్పారు? అడిగితే ఫోన్లో చూసి నేర్చుకున్నానన్నది. అదీ నాకు నచ్చలేదు.

తను చేసుకొచ్చిన తెల్ల పెట్టెను తీగతో గుంటలో వేలాడదీసింది. నీళ్ళలో గాలి తగ్గితే ఫోను మోగుతుంది.

"ఎవరెవరి ఫోన్లో మోగుతాది?"

"మీకు, నాకు. అంతే."

"నీకెందుకు?"

"పని చేస్తుందో లేదో చూడొద్దా పెద్దమ్మా," అని నవ్వింది.

జవాబు సరిగానే ఉంది. ముందే నాలుక మీద పెట్టుకొని వచ్చినట్టుంది, అదే నా అనుమానం. ఒకసారి అది మోగి నన్ను లేపిన మాట నిజమే, దాచను. వెళ్ళి చూస్తే ఏరేటర్ ఒకటి ఆగి ఉంది.

పోటీకి ముందురోజు మా అన్న కూతురు సంబరంగా చెప్పింది. మా గుంట అంకెలు అప్పటికప్పుడు స్టేజీ వెనక పెద్ద గోడ మీద కనబడతాయట. రొయ్యలు కొనే కంపెనీవాళ్ళు ముందు వరసలో కూర్చుంటారట. పంట చేతికి రాబోయే సమయంలో నా గుంటను గోడకెక్కించమని ఎవరు చెప్పారు? నేను మిస్డ్ కాల్ ఇవ్వగానే పెట్టె తీసి వెనక మురుగు గుంటలో వెయ్యమని కాపలా మనిషికి చెప్పి బస్సెక్కాను. వాడిన నీళ్ళు వదిలే గుంట అది. నల్లగా కుళ్ళి ఉంటుంది, ఆ నీళ్ళలో గాలి ఉండదు, చేపపిల్ల కూడా బతకదు.

మా వంతు రాగానే కాల్ ఇచ్చాను. గోడ మీద పచ్చగా ఉన్న అంకె చూస్తుండగానే దిగి దిగి ఎర్రబడింది. ఆ పిల్ల ఫోను మోగింది, నా ఫోనూ మోగింది. పెట్టె బ్రహ్మాండంగా పని చేస్తోందని హాలంతా చప్పట్లు. ఒక మనిషి గుంట పోతోందంటే చప్పట్లు కొట్టేవాళ్ళను అక్కడే చూశాను. ఆ పిల్ల మాత్రం మైకు పక్కన పడేసి దిగి వచ్చింది. "పదండి పెద్దమ్మా, స్కూటర్ మీద పోదాం," అన్నది. ఇదీ ఆటలో భాగమేమో అనుకుంటూ ఎక్కాను.

మేము దిగేసరికి, నేననుకున్నట్టే, ఆ రొయ్యల కంపెనీ ఏజెంటు మా గట్టు మీద ఉన్నాడు.

"ఈ పొద్దే పట్టేయక్కా. నేనిచ్చినకాడికి తీసుకో. రేపటికి అన్నీ చచ్చి తేల్తాయి."

"నీకెవరు చెప్పినారు?"

"తెలిసిందిలే అక్కా."

మేత చూసుకునే వల తట్టను గుంటలోంచి పైకి లాగాను. రొయ్యలు టపటపా ఎగిరి వాడి చొక్కా మీద పడ్డాయి. "చచ్చేవాటికి బలే ఊపుండాదే," అన్నాను. వాడు చొక్కా దులుపుకొని వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల గుంటలో తన తీగ కోసం వెతికింది. లేదు. మురుగు గుంట వైపు చూసింది, తీగ అక్కడ వేలాడుతోంది. ఆ తర్వాతవే నేను మొదట చెప్పిన మాటలు.

పంట వేరేవాళ్ళకు మంచి ధరకే పోయింది. గుంట నా చేతిలోనే ఉంది. ఏజెంటుకు చెప్పింది ఆ పిల్ల కాదు, గోడ మీద హాలంతా చూసింది, ముందు వరసలోంచి ఎవరో ఫోన్ చేసి ఉంటారు అని మా అన్న కూతురి వాదన. అయ్యుండొచ్చు. కానీ గోడకెక్కించే ముందు ఆ పిల్ల నన్ను ఒక్క మాట అడగలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టలేదు, అదీ నిజమే. రెండూ రాయమన్నాను. ఇప్పుడు ఫోను మోగదు గనుక నిద్రలో కూడా ఒక చెవి ఏరేటర్ల చప్పుడు మీదే ఉంటుంది.

ఏమే కోడలా, నువ్వు ఆ పిల్లతో ఇంకా మాట్లాడుతున్నావని నాకు తెలుసు. ఆమె తరఫున ఒక్క మాట ఎక్కువ రాసినా, నాకు చదవడం సరిగా రాదు గానీ, వింటే తెలిసిపోతుంది. ఏదీ, మొదటి నుంచి చదువు.