ఆకురాయి పెట్టని షాఫ్టు

గేర్‌బాక్సులు బాగుచేసే ఆయనకి అసహ్యం వేయని వస్తువు లోకంలో లేదు. కొత్త కార్లంటే అసహ్యం. కేటలాగులంటే అసహ్యం. కట్టుకున్నావిడ తమ్ముడంటే మరీను. ఏం ఖర్మమో, షెడ్డులో వాటాదారూ వాడే.

ఆ వారం బల్ల మీదున్నది డాక్టరమ్మ కారు గేర్‌బాక్సు. వాళ్ల నాన్న కాలంనాటి కారది. ముప్పయ్యేళ్లుగా ఈయన తప్ప ఇంకొకరు దాని బోల్టు ముట్టుకోలేదు. షాఫ్టు మీద గేర్లు తిరగడానికి లోపల వేసే కంచు తొడుగులు, బుష్‌లు, అరిగిపోయాయి. మళ్లీ బుష్‌లే వెయ్యాలా, సూదుల బేరింగులు వెయ్యాలా? షాఫ్టు గట్టిదైతే బేరింగు భేషుగ్గా తిరుగుతుంది. మెత్తనిదైతే ఆ సన్నటి ఉక్కు పుల్లలు దాన్ని కొరికి పారేస్తాయి. ఈ షాఫ్టు పోతే ఇంకోటి ఎక్కడా దొరకదు.

తేల్చుకోవడం నిమిషం పని. షాఫ్టు చివర ఆకురాయి ఆనించి లాగాలి. జారితే గట్టిది, పట్టుకుంటే మెత్తనిది. ఎంత తెలిసిన బండైనా ఈయన ఆ పని మానేవాడు కాదు.

"ఇంకా బుష్‌లేంటి బావా! నలుగురూ నవ్విపోతారు," అంటూ బావమరిది పొద్దున్నే మొదలెట్టాడు. టీ తాగుతూ అదే పాట, నట్లు కడుగుతూ అదే పాట. మధ్యాహ్నం ఇంటికెళ్తే భోజనం పెడుతూ భార్య కూడా, "వాడి మాట ఒక్కసారైనా వినకూడదూ?" అంది.

ఛీ, వెధవ గోల! తిరిగొచ్చి, "సరే, నీ దిక్కుమాలిన బేరింగులే వేసి ఏడుస్తాను!" అని విసురుగా బిగించేశాడు. ఆకురాయి పెట్టెలోంచి తియ్యనే లేదు.

మూడు వారాలకి కారు గుర్రుమంటూ వచ్చింది. విప్పితే షాఫ్టు నిండా గాట్లు, ఆయిల్లో ఇనప రజను.

"ఆయిల్ చూసుకోలేదని ఆవిడ మీదకే తోసేద్దాం బావా," అన్నాడు బావమరిది మెల్లిగా.

"థూ! నోరు ముయ్యరా."

డాక్టరమ్మ వచ్చి గాట్ల మీద వేలు పెట్టి చూసింది. "ఎందుకిలా అయింది?"

"పరీక్ష చెయ్యకుండా బేరింగులు వేశానమ్మా. వీడి నస పడలేక, కోపంలో."

"కోపం ఆయన మీదా?"

"అవునమ్మా."

"పోయింది మాత్రం మా నాన్న బండి." ఆవిడ గొంతు పెంచలేదు. "సామానంతా వెనక సీట్లో పెట్టించండి. బండి లాగించుకెళ్లి ఇంకెవరికైనా చూపించుకుంటాను."

విప్పిన సామానంతా ఒక పెట్టెలో సర్ది ఆయనే మోశాడు. ఆ రోజు బావమరిదిని పల్లెత్తు మాట అనలేదు. ఇంటికెళ్లి మూడుసార్లు సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాడు. ఛీ, అయినా వాటివంక చూడబుద్ధి కాలేదు.