మూసుకుపోయిన కంటి దారి

నా ఎడమ కన్ను గ్లకోమాతో ముందే పోయింది. కుడికన్నైనా దక్కాలని కామారెడ్డిలో ఆపరేషన్ చేయించుకున్నాను. కంట్లో ఎక్కువైన నీరు బయటికి పోవడానికి డాక్టరమ్మ పైరెప్ప కింద సన్నని దారి చేసింది. కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఎల్లారెడ్డిలో నా కుట్టుమిషను మళ్లీ ఆడింది. తర్వాత ఓ సాయంత్రం బల్బు చుట్టూ రంగుల వలయాలు కనిపించాయి.

"పుండు మానుకుంట ఆ దారినే మూసేసిందమ్మా," అంది డాక్టరమ్మ. "కంట్ల ప్రెషర్ పెరిగింది. సన్న సూదితోని ఆ పొర విడదీస్తే నీళ్లు మళ్ల పోవచ్చు. పోకపోవచ్చు గూడ."

రోజూ సూదితో బతికేదాన్ని. అయినా కంట్లో సూది అంటే భయమేసింది.

ఆ సూది పనికి కామారెడ్డి వెళ్లాల్సిన రోజు తెలంగాణ బంద్ పడి బస్సులు కదల్లేదు. ఒక జాకెట్టు కత్తిరించబోయి వదిలేశాను. అటక దులిపాను. వాకిట్లోకి వెళ్లి ఎదురింటి గోడమీది రాతలు చదివి, కన్ను మసకబారిందేమోనని మళ్లీ చదివాను. దుబాయిలో ఉన్న మా ఆయన ఫోన్ చేశాడు.

"నేనొచ్చేదాక ఆగు. దసరాకొస్త, హైదరాబాద్‌ల సూపిద్దాం."

మా అత్తమ్మ ఫోన్ లాక్కుంది. "నువ్వొచ్చినంక నీ మొకం దానికి కనవడాలె గద కొడుకా!"

మర్నాడు బస్సులు నడవగానే నేను, అత్తమ్మ కామారెడ్డికి వెళ్లాం. నా వంతు దగ్గరపడేసరికి కూర్చోలేకపోయాను. చెప్పకుండా లేచి రోడ్డుమీదికి నడిచాను. అత్తమ్మ వెనకే వచ్చింది.

"ఇంటికి పోదామా?" అంది.

"మీరు కోపం జేస్తరనుకున్న."

"కన్ను నీది. నేనెందుకు కోపం జేస్త? నువ్వు ఎటంటే అటే."

తిడితే బస్సెక్కేదాన్నేమో. కాసేపు అక్కడే అటూ ఇటూ తిరిగి, లోపలికి నేనే నడిచాను.

మొద్దుబారే చుక్కలు వేసి, కళ్లు చూసే మిషను మీద గడ్డం ఆనించమన్నారు. "కిందికి సూడమ్మా, కదలకు," అంది డాక్టరమ్మ. సూది కనిపించలేదు. రెప్ప కింద ఏదో ఒత్తినట్టయింది, అంతే. బయటికొస్తే నా ఎర్రటి కన్ను చూసి అత్తమ్మ ఏడ్చింది.

ప్రెషర్ దిగింది. కానీ నమ్మకం కుదరలేదు. అన్నం వండుతున్నా, బట్ట కుడుతున్నా మనసంతా ఆ రెప్ప కిందే. అనుకున్నట్టే కొద్ది వారాలకు మళ్లీ పెరిగింది. మరోసారి సూదితో పొర విడదీశారు. ఈసారి దారి నిలిచింది. అంతకుముందు పోయిన చూపు రాలేదు. ఉన్నది మాత్రం ఉంది.

తర్వాతి పరీక్షలో, "ఇగ మూడు నెలలకు రా," అంది డాక్టరమ్మ. నేను లేవగానే అత్తమ్మ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.

"నా కండ్లు గూడ సూడున్రి డాక్టరమ్మా. పక్కకెల్లి వచ్చేటోళ్లు అవుపడుతలేరు, శాన దినాలాయె."

నా ఎడమ కన్నూ ఇలాగే మొదలైంది. ఇన్నాళ్లూ నాకు ఒక్కమాట కూడా చెప్పలేదు. చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకుంది. నేను వరండాలోకొచ్చి మళ్లీ అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను.