తొట్టిలో హైడ్రాలు

మొన్న కార్ఖానా బస్తీలో చేపల తొట్లు అమ్మే దుకాణం ముందు నాచునీళ్ల వాసన తగిలింది. సైనిక్‌పురిలో మా పెరడు గుర్తొచ్చింది.

మోకాలి కింద కాలు పోగొట్టుకుని సైన్యం నుంచి వచ్చేశాక నాన్న రంగుచేపలు పెంచేవారు. చేపపిల్లల మేతకు సిమెంటు తొట్టిలో డాఫ్నియా అనే నీటిపురుగులను సాకేవారు. ఒక వేసవిలో ఆ తొట్టి గోడల నిండా దారప్పోగుల్లాంటి హైడ్రాలనే చిన్న నీటిజీవులు అంటుకుని డాఫ్నియాలను తినేయసాగాయి. మేత లేక చేపపిల్లలు చచ్చి తేలాయి.

"కాగిన నీళ్లు పోసుడే. ఒక్కటి సుత మిగలొద్దు," అన్నారు నాన్న. నేను ఒక గ్లాసును నా వీపు వెనక దాచుకోవడం చూశారు. "ఏందిరా అది?"

"హైడ్రా, నాన్నా. లైబ్రరీ పుస్తకంల చదివిన. తెగిన ముక్క మళ్ల మొలుస్తదంట. దాన్ని చూసి నీ కాలు సుత మొలిపిద్దాం."

వేడినీళ్ల గిన్నె తెచ్చిన అమ్మ అక్కడే ఆగిపోయింది. నాన్న గ్లాసును ఎండలోకి ఎత్తి చాలాసేపు చూశారు.

"ఎన్ని దినాలు పడ్తది?"

"దానికైతే తొందరగనే. నీకు జెర ఎక్కువ పడ్తదేమో."

"సరే, చూద్దాం తియ్."

తొట్టిలో వేడినీళ్లు పోసి, ఆ గ్లాసును మాత్రం కిటికీలో పెట్టించారు. సెలవులన్నాళ్లూ రోజూ పొద్దున్నే ఆయన తెగిన కాలిని నేను వేళ్లు పరిచి కొలిచేవాణ్ని. ఆయన కదలకుండా కూర్చునేవారు. నా మాట నమ్మారనే అనుకున్నాను. ఆశ వదులుకోవడం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. అది నాకు కాస్త ఆలస్యంగా తెలియాలని ఓపిక పట్టారని ఇప్పుడనిపిస్తుంది.